ఎవరిదీ కాని లారీ

నేను కాపురానికి వచ్చేనాటికే ఆ లారీ మా దొడ్లో రాళ్ళ మీద నిలబడి ఉంది. నాలుగు మూలలా నాలుగు బండరాళ్ళు, వాటి మీద ఇరుసులు. చక్రాలు లేవు. కోళ్ళు డ్రైవరు సీటు మీద గుడ్లు పెట్టేవి. నన్ను దిగబెట్టడానికి వచ్చిన మా మేనత్త దాన్ని చూసి, ఇంత పెద్ద కోళ్ళగూడు ఎవరు కట్టించారని అడిగింది. మా అత్త కాఫీ తేవడానికి లోపలికి పోయింది.

మాది హోసూరు పక్కనున్న మత్తిగిరికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మెట్ట పల్లె. రాగి, ఉలవ, కొంత మామిడి. మా ఆయనకు మత్తిగిరి పశువుల ఫారంలో ఉద్యోగం. మా మామ మా పల్లెలో మొట్టమొదట లారీ కొన్న మనిషి. కృష్ణగిరి మామిడికాయను బెంగళూరు మార్కెట్టుకు తోలదామని, యాభైల మధ్యలో కృష్ణగిరి షావుకారు ఒకాయన దగ్గర వాయిదాల మీద తీసుకున్నాడు. మొదటి సీజను బాగానే నడిచిందట. రెండో సీజనులో డ్రైవరు దాన్ని కల్వర్టుకు కొట్టి, ఇంజను పట్టేసిన బండిని రోడ్డు పక్కన వదిలి ఎటో వెళ్ళిపోయాడు. దాన్ని బాగుచేయించడానికి ఒక అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకొకటి చేసి, చివరికి మా మామ దివాలా తీశానని కృష్ణగిరి కోర్టులో ఐ.పి. పెట్టాడు. మా వైపు దాన్ని పసుపు కాయితం ఇవ్వడం అంటారు. అది తమిళుల నుంచి మాకు వచ్చిన మాట. పసుపు కాయితం ఇచ్చిన ఇంటికి పసుపు రాసిన పెళ్ళిపత్రికలు రావడం తగ్గిపోయిందని మా అత్త చెప్పేది.

కోర్టు తరఫున రిసీవరు వచ్చి పొలాలు, మామిడి చెట్లు, చివరికి మా మామ చేతి గడియారం కూడా రాసుకున్నాడట. అత్త పేరున ఉన్న రెండెకరాల మెట్ట ఒక్కటే మిగిలింది. లారీ దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. వాయిదాలు తీరేదాకా అది షావుకారు పట్టులో ఉంది కాబట్టి వేలం వేయకూడదు. టైర్లు మాత్రం మా మామ తర్వాత రొక్కం పెట్టి కొన్నవి. కాబట్టి వాటిని వేలం వేయవచ్చు. ఆ న్యాయం ప్రకారం ఆరు చక్రాలూ విప్పి వేలం వేశారు. పక్క ఊళ్ళో బండ్లు తోలే ఒకాయన కొని, రెండింటిని కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతలో అమ్మేసి, మిగిలిన నాలుగూ తన రెండు ఎద్దుల బండ్లకు బిగించుకున్నాడు. లారీ రాళ్ళ మీదికి ఎక్కింది.

ఏడాదిన్నరకు కోర్టు మా మామను అప్పుల నుంచి విడుదల చేసింది. ఆ కాయితాన్ని ఆయన పటం కట్టించి గోడకు తగిలించాడు. అన్నీ తీరిపోయాయనుకున్నాడు. అయితే లారీ ఆర్.సి. పుస్తకంలో, ఈ బండి ఫలానా షావుకారు వాయిదాల ఒప్పందానికి లోబడి ఉన్నదని ఎర్ర సిరాతో రాసి ఉంది. కోర్టు ఆ ఎర్ర సిరాను ముట్టుకోలేదు. వకీలును అడిగితే, ఐ.పి.తో పోయింది అప్పు మాత్రమేనని, బండి మీద షావుకారుకు ఉన్న పట్టు పోలేదని చెప్పాడట. షావుకారు ఇక డబ్బు అడగలేడు, కానీ బండిని తీసుకుపోవచ్చు. తీసుకుపోతే దాని మీద పేరుకున్న రోడ్డు పన్ను ఆయన నెత్తిన పడుతుంది. అందుకని తీసుకుపోడు. వదులుకున్నానని రాసిస్తే నష్టాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని రాసివ్వడు. మేము అమ్మకూడదు, విప్పకూడదు, ఊరు దాటించకూడదు. పన్ను నోటీసులు మాత్రం మాకే వచ్చేవి.

ఆ నోటీసులు ఇంగ్లీషులో ఉండేవి. నేను కృష్ణగిరిలో ఎస్సెస్సెల్సీ దాకా చదువుకున్నదాన్ని. మా ఆయనా చదవగలడు గాని, సర్కారు ఉద్యోగిని, ఐ.పి. కాయితాల మీద నా చెయ్యి పడకూడదు అని వాటిని తాకేవాడు కాదు. కాపురానికి వచ్చిన రెండో వారంలో మా మామ ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు రోజులు చదివాను. చదివి, ఈ బండి ఎవరిదో ఇందులో ఎక్కడా లేదు మామా అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. ఇన్నేళ్ళలో వకీళ్ళెవరూ అంత స్పష్టంగా చెప్పలేదట.

ఇక నెలకోసారి షావుకారు గుమాస్తా వచ్చేవాడు. బక్కపలచటి మనిషి, చంకలో గొడుగు. లారీ ఉన్నచోటే ఉందా లేదా అని చూడటం ఆయన పని. హోసూరు దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి నడిచి వచ్చేవాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి, ఒక చిన్న పుస్తకంలో "చూడడమైనది" అని రాసి మా మామ చేత సంతకం చేయించుకునేవాడు. తర్వాత మా ఇంట్లో సంగటి తిని, అరుగు మీద కాస్త నడుం వాల్చి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. చక్రాలు లేని లారీ ఎక్కడికి పోతుందని నేను ఒకసారి అడిగితే, పోదని ఆయనకూ తెలుసునని, అయినా చూస్తేనే గదా చూసినట్టు రాయగలిగేదని చెప్పాడు. అత్తకు ఆయనంటే అభిమానం. ఐ.పి. తర్వాత మానకుండా మా ఇంటికి వస్తూ ఉన్న చుట్టం ఆయన ఒక్కడే.

అలాంటి రోజుల్లో తాలూకా ఆఫీసు నుంచి ఒక మనిషి గొలుసు పట్టుకుని అత్త మెట్టను కొలవడానికి వచ్చాడు. లారీ పన్ను కట్టనందుకు భూమిని జప్తు చేస్తారట. భూమి ఆమెదీ లారీ ఈయనదీ గదా అంటే, ఆ భూమిలో పండిన రాగులు తినేది ఈయనే గదా అన్నాడు. ఐ.పి.తో పన్ను కూడా పోయిందనుకున్నామంటే, సర్కారు బాకీకి ఐ.పి. ఉండదన్నాడు. మా అత్త గొలుసు ఒక కొస మీద కూర్చుంది. ఆయన ఎండ దిగేదాకా నిలబడి, లేవమని బతిమాలి, ఆమె లేవకపోయేసరికి గొలుసు వదిలేసి వెళ్ళిపోయాడు. మరునాడు దానికోసం మళ్ళీ వచ్చాడు.

ఇక షావుకారును పట్టుకోక తప్పదనుకున్నాం. ఆ నెల గుమాస్తా రాగానే, ఈ రాత్రికి ఇక్కడే ఉండు, మీ షావుకారును చూడటానికి రేపు నీతో పాటే వస్తామని మా మామ చెప్పాడు. గుమాస్తా చేతిలోని సంగటి ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"మా షావుకారు పసుపు కాయితం ఇచ్చి ఎనిమిది నెల్లు అయిందప్పా" అన్నాడు.

మా మామకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మరి నీకు జీతం ఎవురు ఇస్తా ఉండారు?" అని అడిగాడు.

"ఎవురూ ఇయ్యల్యా."

"మరి ఎందుకు వస్తా ఉండావు?"

"రావద్దని ఎవురూ చెప్పలేదు గదప్పా."

ఎనిమిది నెలలు సొంత డబ్బు పెట్టుకుని బస్సెక్కి, లారీని చూసి, చూసినట్టు రాసుకుని పోతూ ఉన్నాడు ఆ మనిషి. అత్త లేచి ఆయన కంచంలో ఇంకో ముద్ద వేసింది.

మరునాడు మా మామ, గుమాస్తా, నేను కృష్ణగిరి పోయాం. షావుకారు ఐ.పి.కి కూడా రిసీవరు ఒకడు ఉంటాడు గదా, ఆ ఎర్ర సిరా రాతను కొట్టేయమని ఆయన చేత ఉత్తరం రాయించుకుంటే చాలని నా ఆలోచన. ఆఫీసు వెతుక్కుని పోతే, లోపల కూర్చుని ఉన్నది మా మామ చేతి గడియారం రాసుకున్న రిసీవరే. రెండు ఐ.పి.లకూ ఆయనే. పెద్దమనిషి, మంచివాడు. మా ముగ్గురికీ కుర్చీలు వేయించి రెండు ఫైళ్ళూ తెప్పించాడు. మా మామ ఫైలులో లారీ పక్కన, ఇది షావుకారుది, మన పట్టికలో చేర్చకూడదు అని ఉంది. షావుకారు ఫైలులో అదే లారీ పక్కన, ఇది బాకీదారుది, మన పట్టికలో చేర్చకూడదు అని ఉంది. రెండూ ఆయన దస్తూరీయే. చాలాసేపు ఆ రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"షావుకారు తరఫున మీ మామకు నేను రాసియ్యాల. మీ మామ తరఫున నన్ను అడగాల్సింది కూడా నేనే" అన్నాడు నాతో. "నాకు నేనే ఉత్తరం రాసుకుంటే బాగుంటుందామ్మా?"

మాకు వేరే దారి లేదు కాబట్టి, రాసుకోమని వేడుకున్నాం. రాసుకున్నాడు. పది రోజులకు ఆయన పంపిన రెండు ఉత్తరాలూ ఒకే కవరులో మాకు చేరాయి. మొదటి దాంట్లో లారీ మీద మీకు అభ్యంతరం ఉన్నదా అని అడిగాడు. రెండో దాంట్లో, ఆ లారీ తమ ఆస్తుల పట్టికలో లేనందున అభ్యంతరం ఉన్నదని గాని లేదని గాని చెప్పజాలమని జవాబిచ్చాడు. కింద రెండింటిలోనూ ఒకే సంతకం. మా మామ అది విని, తనకు తానే కాదన్న మనిషిని ఇంతవరకూ చూడలేదన్నాడు.

వాటిని పట్టుకుని సేలం మోటారు ఆఫీసుకు పోయాం. అప్పట్లో మాది సేలం జిల్లాయే. అక్కడి క్లర్కు రెండు ఉత్తరాలూ చదివి, వీటి ప్రకారం బండే లేదని, లేని బండి పుస్తకంలో రాత ఎలా కొట్టేదని తమిళంలో విసుక్కున్నాడు. లేని బండికి పన్ను ఎందుకు అడుగుతున్నారని నేనూ తమిళంలోనే అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు మొదటిసారి చూశాడు. చివరికి ఒక దారి చెప్పాడు. నెలకోసారి బ్రేకు ఇన్స్పెక్టరు కృష్ణగిరికి వచ్చి బండ్లు చూస్తాడు. లారీని అక్కడికి తీసుకుపోయి, ఛాసిస్ నంబరు చూపించి, ఉన్నదని రాయించుకు రావాలి. బండి ఉన్నదని తేలాక, ఏం చేయాలో ఆలోచిస్తారు.

లారీకి ఇంజను తిరగదు, చక్రాలు లేవు, కృష్ణగిరి ముప్ఫై మైళ్ళు.

మా మామ పక్క ఊరికి పోయి టైర్లు కొన్నాయనను అడిగాడు. పని అయ్యాక తిరిగిచ్చేలా ఆయన ఎరువు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గాని, తన చక్రాలు తన కంటి ముందే ఉండాలని, కాబట్టి తానూ కృష్ణగిరి దాకా వస్తానని అన్నాడు. నాలుగు చక్రాలు బిగించి లారీని రాళ్ళ మీద నుంచి దించేసరికి ఊరు ఊరంతా మా దొడ్లోనే ఉంది. రెండు జతల ఎద్దులను కట్టాం. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. స్టీరింగు ఎవరు పట్టుకోవాలి?

గుమాస్తా పట్టుకుంటే, షావుకారు తరఫున బండిని స్వాధీనం చేసుకున్నట్టవుతుంది. మా మామ పట్టుకుంటే, బాకీదారు బండిని వాడినట్టవుతుంది, పన్ను గట్టిగా పడుతుంది. మా ఆయన సర్కారు ఉద్యోగి. టైర్లాయన పట్టుకుంటే, రేపు టైర్లతో పాటు లారీ కూడా ఆయనదేనని ఎవరైనా రాసేస్తారేమోనని ఆయనకే భయం. ఏ కాయితంలోనూ పేరు లేనిదాన్ని నేనొక్కదాన్నే.

"నువ్వు ఎక్కి కూర్చోమ్మా" అన్నాడు మా మామ.

నేను అంతకు ముందు సైకిలు కూడా తొక్కి ఎరగను. సీటు మీది కోడిపెంట గీకి, గోనెపట్టా పరిచి, అత్త నన్ను ఎక్కించింది. ఎక్కించి, కొంగు నడుముకు బిగించుకోమంది. స్టీరింగు పళ్ళెమంత ఉంటుందనుకున్నాను. చాటంత ఉంది. కుడికి తిప్పితే బండి కాసేపు ఆలోచించి కుడికి తిరిగేది.

హోసూరు దాటి కృష్ణగిరి రోడ్డెక్కాక, వచ్చే పోయే బస్సులన్నీ మా దగ్గర నెమ్మదించాయి. ముందు ఎద్దులు, ఎద్దుల పక్కన కర్రతో మా మామ, లారీ పక్కన గొడుగేసుకుని గుమాస్తా, వెనక ఒక్కో చక్రాన్నీ మార్చి మార్చి చూసుకుంటూ టైర్లాయన, పైన నేను. బస్సుల్లోని ఆడవాళ్ళు తల బయటికి పెట్టి చూశారు. ఒకామె నాకు దండం పెట్టింది. ఏ దేవుడి ఊరేగింపు అనుకుందో తెలియదు. మొదట సిగ్గుతో తల దించుకున్నాను. తల దించితే రోడ్డు కనపడదు కాబట్టి ఎత్తక తప్పలేదు. శూలగిరికి చేరేసరికి సిగ్గు పోయింది. నిజం చెప్పాలంటే, అంత ఎత్తున కూర్చుని లోకాన్ని చూడటం నాకు నచ్చింది.

రెండో రోజు కొండదారి ఘాటు దగ్గర పరిస్థితి మారింది. హోసూరు మిట్ట మీద ఉంది, కృష్ణగిరి పల్లంలో ఉంది. దిగుడు మొదలుకాగానే, ఎద్దులు లారీని లాగడం పోయి, లారీ ఎద్దులను తరమడం మొదలైంది. బ్రేకు తొక్కమని మా మామ కేక వేశాడు. తొక్కాను. కాలి కింద అది మెత్తగా లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. టైర్లాయన చక్రం కింద మొద్దు పెట్టి ఆపాడు. దిగిపోతానన్నాను. మా మామ దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"దిగాలంటే దిగమ్మా, తప్పు లేదు" అన్నాడు. "ఈ బండి నన్ను ఇంత దూరం దించింది. నిన్ను కూడా దించనియ్యను."

నేను దిగలేదు. ఎద్దులను విప్పి, రెండు జతలనూ లారీ వెనక్కి తెచ్చి కట్టారు. అవి కాళ్ళు తన్నిపట్టి వెనక్కి లాగుతుంటే, లారీ గర్భిణీ స్త్రీ మెట్లు దిగినట్టు అడుగడుగునా ఆగుతూ ఘాటు దిగింది.

కిందికి వచ్చాక రెండు జతలనూ ముందే కడితే లారీ మళ్ళీ తరుముతుందేమోనని, ఒక జతను ముందు, ఒక జతను వెనక కట్టారు. ఆ అవతారంలోనే కృష్ణగిరి చేరాం. ఊరి మొదట్లో ఒక పోలీసు కానిస్టేబులు ఆపాడు. నన్ను కిందనుంచి పైదాకా చూసి లైసెన్సు అడిగాడు. లేదన్నాను. పర్మిట్టు అడిగాడు. లేదన్నాను. పన్ను రసీదు అడిగాడు. అది గనక ఉంటే నేనిక్కడ ఎందుకుంటానన్నాను. ఆయన బానెట్టు ఎత్తించి లోపలికి చూశాడు. గడ్డి, ఈకలు, ఒక కోడిగుడ్డు. మూసేసి, చుట్టూ తిరిగి, దీన్ని లాగేది ఏమిటని అడిగాడు. ఎద్దులని మా మామ చెప్పాడు. కానిస్టేబులు, మోటారు నడవనిది మోటారు బండి కాదని, ఎద్దులు లాగుతున్నాయి కాబట్టి ఎద్దుల బండేనని తేల్చాడు. అయితే ఎద్దుల బండికి పంచాయతీ రేకు బిళ్ళ ఉండాలి. అది మా దగ్గర లేదు. బిళ్ళ లేని నాలుగు చక్రాల ఎద్దుల బండి ఒకటి అని రాసి, చిన్న జరిమానా వేసి, రసీదు చించి ఇచ్చాడు. మా మామ అక్కడికక్కడే కట్టాడు.

బ్రేకు ఇన్స్పెక్టరు ప్రయాణికులు దిగే ముసాఫర్‌ఖానా ముందున్న బయలులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు అప్పటికే ఏడెనిమిది లారీలు వరసలో ఉన్నాయి. మేము చివర నిలబడ్డాం. ముందున్న లారీ ఒక అడుగు జరిగినప్పుడల్లా మా ఎద్దులూ ఒక అడుగు జరిగేవి. మా వంతు వచ్చేసరికి ఆయన తల ఎత్తకుండానే, బ్రేకు చూపించమన్నాడు.

"బ్రేకు వెనక కట్టినాము సార్" అన్నాడు మా మామ.

ఇన్స్పెక్టరు తల ఎత్తాడు. లేచి వెనక్కి పోయి ఆ జత ఎద్దులను చూశాడు. వాటిలో ఒకటి తల తిప్పి ఆయనను చూసింది. తిరిగి వచ్చి కూర్చుని, కాయితాలన్నీ ఇమ్మన్నాడు. నేను రేకు పెట్టె మొత్తం ఆయన ముందు పెట్టాను. ఓపికగా అన్నీ చదివాడు. రిసీవరు తనకు తాను రాసుకున్న ఉత్తరాలను రెండుసార్లు చదివాడు. చివరన కానిస్టేబులు రసీదు చేతికి వచ్చింది. దాన్ని ఎండకు పట్టి చూసి, మొదటిసారి నవ్వాడు.

"ఇది మోటారు బండి కాదని పోలీసువాళ్ళే రాసిచ్చినారు. ఇంగ దీనికి రిజిస్టరు ఎందుకు? రద్దుకు రాసి పంపిస్తాను" అన్నాడు.

"మరి ఎర్ర సిరా రాత?" అని అడిగాను.

"పుస్తకమే లేనప్పుడు రాత యాడ ఉంటుందమ్మా?"

రద్దు కాయితం చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. పాత పన్ను మొత్తం మాఫీ కాలేదు. లారీ తిరగని కాలానిది తీసేసి, తిరిగిన కాలానిది కట్టమన్నారు. అత్త రెండు ఆవుదూడలు అమ్మి కట్టింది. మెట్ట నిలిచింది. టైర్లాయన కృష్ణగిరిలోనే తన చక్రాలు విప్పుకుంటానన్నాడు గాని, అప్పుడు లారీని అక్కడే వదిలేయాల్సి వస్తుందని, తిరుగు ప్రయాణంలోనూ ఓపిక పట్టాడు. ఘాటు ఎక్కేటప్పుడు ఇంకో రెండు జతలు బాడుగకు తీసుకున్నాం.

గుమాస్తా సంగతి చెప్పాలి. రద్దు కాయితం చదివి వినిపిస్తే, తన చిన్న పుస్తకంలో చివరి పేజీ తీసి, "ఇక చూడనక్కరలేదు" అని రాసి, ఈసారి నా చేత కూడా సంతకం చేయించుకున్నాడు. మా ఆయన పూచీ మీద మత్తిగిరి ఫారంలో ఆయనకు చిన్న పని దొరికింది. పొద్దునా సాయంత్రం పాకల్లోని పశువులన్నీ ఉన్నాయో లేదో చూసి రాయడం. ఆ పనిలో ఆయనకు మంచి పేరు వచ్చిందట.

లారీని బెంగళూరు పాత ఇనుము వ్యాపారి కొన్నాడు. విప్పడానికి మనుషులు వచ్చిన రోజు మా మామ పొద్దున్నే లేచి, పోచంపల్లి సంతలో పని ఉందని బస్సెక్కి పోయాడు. ఆయనకు అక్కడ ఏ పనీ లేదని మాకు తెలుసు. వాళ్ళు కాబిను, ఇరుసులు, ఇంజను విడదీసి తీసుకుపోయేసరికి సాయంత్రమైంది. ఎండ దిగుతుండగా మా మామ ఒక మేకపిల్లను చంకనెత్తుకుని వచ్చాడు. ఖాళీ అయిన చోట కాసేపు నిలబడి, మేకను కట్టేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. నేను కాఫీ ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికి ఇస్తూ, ఘాటులో నీకు నిజంగా భయం వేసిందా అమ్మా అని అడిగాడు. వేసింది మామా అన్నాను. తనకూ వేసిందన్నాడు.